అంగడి కొలతయు దేవుని కొలతయు

(యౌవనస్థుల కూడికలలోను స్త్రీల సమాజములలోను చదివి మాటలాడుకొనుటకు)

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 16:1–13, పరమగీతము 1:5–6, దానియేలు 1:8–16



ఈ నెల పాఠమునకు మేము ఎంచుకొనిన సంగతి కొందరికి వింతగా తోచవచ్చును. ఒంటి లావును, సన్నదనమును, రంగును గూర్చి సంఘ పత్రికలో వ్రాయవలసినది ఏమున్నదని మీరు అడుగవచ్చును. అయితే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పల్లెలలో ఇండ్లను దర్శించునప్పుడు మా చెవిని పడుచున్న మాటలను బట్టి ఇది చిన్న సంగతి కాదని మాకు తేటపడినది. "మా అమ్మాయి రాత్రి అన్నము మానివేసినది, అయ్యగారూ, మీరైన చెప్పండి" అని తల్లులు అడుగుచున్నారు. "పిల్ల లావుగా ఉన్నదని సంబంధము తప్పిపోయినది" అని తండ్రులు తల వంచుకొని చెప్పుచున్నారు. కంచము ముందర కూర్చుండి దేవునికి వందనములు చెల్లించు మన ఇండ్లలోనే, ఆ కంచమును చూచి భయపడు బిడ్డలు పెరుగుచున్నారు. గనుక ఈ సంగతిని నెమ్మదిగా, మొదటినుండి విచారింతము.

1. లోకపు కొలత నిలుకడలేనిది

అందమునకు లోకము పెట్టు కొలత ఎన్నడును ఒకచోట నిలువలేదు. ఆదికాండము 41వ అధ్యాయములోని ఫరో కలను జ్ఞాపకము చేసికొనుడి. బలిసిన ఆవులు సమృద్ధికి గురుతు, చిక్కిపోయిన ఆవులు కరవునకు గురుతు. దానియేలును అతని స్నేహితులును రాజు వంటకములు మాని పది దినములు శాకధాన్యములు తిని నీళ్లు త్రాగిరి. పిమ్మట పరీక్షింపగా వారి ముఖములు తక్కినవారికంటె కళగాను, ఒళ్లు పుష్టిగాను కనబడెనని గ్రంథము తెలుపుచున్నది. ఆ కాలమున పుష్టియే ఆరోగ్యము, పుష్టియే అందము.

మన పెద్దలును అట్లే తలంచిరి. వారు ఆకలిని ఎరిగినవారు. 1832–33లో గుంటూరు సీమను పట్టిన నందన కరవులో జనులు వేలకొలదిగా చనిపోయిరి. కృష్ణానదిపై బెజవాడ యొద్ద ఆనకట్ట 1855లో పూర్తియై, కాలువలు పారిన పిమ్మటనే ఈ డెల్టా అన్నపు గాదె అయినది. ఆకలి ఎరిగిన జనమునకు బొద్దుగా ఉన్న బిడ్డ కనులపండుగ. "పిల్ల ఒళ్లు చేసినది" అను మాట ఆ దినములలో మెచ్చుకోలు. నేడు అదే మాట నింద అయినది.

సినిమాలను చూచినను ఇదియే కనబడును. తెనాలి ప్రాంతమునకు చెందిన కాంచనమాల 1938లో వచ్చిన "మాలపిల్ల" నాటికి తెలుగువారిలో అందగత్తెగా పేరొందెను. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి 1957లో వచ్చిన "మాయాబజారు"లో శశిరేఖగా కనబడినప్పుడు, ఆమె గుండ్రని ముఖమును నిండైన రూపమును చూచి ఎవరును వంక పెట్టలేదు. తొమ్మిది సంవత్సరములు గడువకముందే, 1966లో, లండను నగరములో పదునారేండ్ల బాలిక యొకతె లోకమంతటికి కొత్త అందమునకు గురుతుగా నిలువబెట్టబడెను. ఆమెకు పెట్టిన పేరు ట్విగ్గీ. ఎండుపుల్లవంటిది అని దాని భావము. శశిరేఖ ఏలిన లోకములోనే పుల్లకు పట్టాభిషేకము జరిగెను!

ఇట్లేల జరుగును? ఎక్కడ ఏది అరుదో దానికే లోకము వెల కట్టును. అన్నము అరుదైనచోట పుష్టి అందమాయెను. అన్నము సులువుగా దొరకుచోట సన్నదనము కష్టమైనది గనుక అదియే గొప్పదాయెను. రంగు సంగతియు అంతే. ఎండలో నాట్లు వేయువారి ఒళ్లు కమిలి నల్లబడును. నీడపట్టున కూర్చుండువారి ఒళ్లు తెల్లగా ఉండును. కాబట్టి తెలుపును మెచ్చుటలో కూలిచేయని బ్రదుకును మెచ్చుట దాగియున్నది. కూలిచేసి బిడ్డలను చదివించిన మన తల్లులను ఆ కొలత ముందర నిలువబెట్టి సిగ్గుపరచుట న్యాయమా?

2. ఈ కొలతను వ్రాసినది ఎవరు?

మన చీరాల, మంగళగిరి నేతచీరను తీసికొనుడి. చీరకు కట్టుకొనువారి నడుము కొలత అక్కరలేదు. కన్నెపిల్లకును అదే చీర, బాలింతకును అదే చీర, ముదుసలికిని అదే చీర. తల్లి కట్టిన చీరను కూతురు కట్టును. ఒళ్లు పెరిగినను తరిగినను కుచ్చిళ్లు ఒకటి ఎక్కువో తక్కువో అగును గాని చీర ఎవరిని గూర్చియు తీర్పు తీర్చదు.

రెడీమేడు దుస్తులతో సంగతి మారినది. వాటిమీద అంకె యుండును. ఆ అంకె ఎక్కడిది? 1939–40లో అమెరికా ప్రభుత్వమువారు ఇంచుమించు 15,000 మంది స్త్రీలను కొలిపించి, 1941లో ఆ కొలతలను ప్రచురించిరి. వారు లెక్కలోనికి తీసికొనినది తెల్లజాతి స్త్రీల కొలతలను మాత్రమే. దానిని ఆధారము చేసికొని 1958లో అచ్చటి దుస్తులకు ప్రమాణము ఏర్పరచిరి. అది అక్కరకు రాలేదని 1983లో తీసివేసిరి. మన దేశమున బట్టల వర్తకులు చాలవరకు విదేశపు కొలతలనే అనుసరించుచు వచ్చిరి. ఈ కొరత తీర్చుటకే జాతీయ ఫ్యాషను సాంకేతిక సంస్థవారు, హైదరాబాదుతో కలిపి ఆరు నగరములలో 25,000 మంది భారతీయులను కొలువబోవుచున్నామని 2018లో ప్రకటించిరి.

ఇందులో మన యౌవనస్థులకు ఒక పాఠమున్నది. తెనాలి బోసు రోడ్డులోని అంగడిలో తొడిగి చూచిన గౌను బిగుతైనయెడల, తప్పు ఆ గుడ్డను కత్తిరించిన కత్తెరది. నీ ఒంటిది కాదు. అంగడి వాకిట నిలువబెట్టిన బొమ్మకు ఆకలి లేదు, రక్తము లేదు, నెలసరి లేదు, బిడ్డను మోయు గర్భము లేదు. ఊపిరిగల ఒంటిని ఊపిరిలేని బొమ్మతో సరిచూచుకొనుట తగునా?

వర్తకునికి తృప్తిపడినవారు పనికిరారు. తన ముఖము తనకు చాలుననుకొను అమ్మాయి ముఖమునకు పూయు మందు కొనదు. గనుక మొదట కొరతను అమ్మి, పిమ్మట ఆ కొరతకు మందు అమ్ముదురు. తెల్లబరచునని చెప్పబడిన "ఫెయిర్ అండ్ లవ్లీ" అను పూత 1975లో మన దేశపు అంగళ్లలోనికి వచ్చెను. నలువది అయిదేండ్లు ఆ పేరుతోనే అమ్ముడుపోయి, విమర్శలు పెరిగినప్పుడు 2020లో "గ్లో అండ్ లవ్లీ" అని పేరు మార్చుకొనెను. పేరైతే మారెను గాని, నల్లనిపిల్ల తల్లికి కలుగు దిగులు అంత సులువుగా మారునా?

ఈ కొలత ఎంత అన్యాయమైనదో ఎరుగుటకు మన ప్రాంతపు ఉదాహరణమే యున్నది. తెనాలిలో 1992లో పుట్టిన శోభితా ధూళిపాళ 2013లో ఫెమినా మిస్ ఇండియా పోటీలో కిరీటము పొంది, ఆ యేడే మిస్ ఎర్త్ పోటీకి మన దేశము తరపున వెళ్లిరి. అట్టి ఆమెయే, తాను పని వెదకుకొను దినములలో, ప్రకటనలకు తగినంత తెలుపు లేదనియు తగినంత అందము లేదనియు ముఖముననే చెప్పిరని తరువాత బహిరంగముగా తెలిపిరి. దేశములో అందగత్తెగా ఎన్నుకొనబడినదానికే ఆ తూకములో తక్కువ వచ్చినప్పుడు, ఇక ఆ తూకము ఎవరికి సరిపోవును? 2025 మే నెలలో ప్రపంచసుందరి పోటీలు మన హైదరాబాదులోనే జరిగెను. థాయిలాండు దేశస్థురాలు గెలిచెను. ఒకరికి కిరీటము పెట్టి తక్కినవారినందరిని ఓడినవారినిగా ఇంటికి పంపుట పోటీకి సహజము. మన బిడ్డల బ్రదుకు పోటీ కాదు.

3. వెల చెల్లించినవారు

ఈ కొలతకు కొందరు ప్రాణముతో వెల చెల్లించిరి. 2006 ఆగస్టులో ఉరుగ్వే దేశమున లూసెల్ రామోస్ అను ఇరువది రెండేండ్ల మోడలు దుస్తుల ప్రదర్శనలో నడిచి, వెంటనే కూలి మరణించెను. అదే సంవత్సరము నవంబరులో బ్రెజిలు దేశమున ఆనా కరోలినా రెస్టన్ అను ఇరువది యొక్క యేండ్ల మోడలు, తినుట మానిన వ్యాధిచేత చిక్కి చనిపోయెను. ఈ మధ్యకాలములో, సెప్టెంబరు నెలలో, స్పెయిను దేశపు మాడ్రిడు నగరమువారు మితిమీరి చిక్కినవారిని తమ ప్రదర్శనలో నడువనియ్యమని కట్టడచేసిరి. ఇశ్రాయేలు దేశము 2012లో అట్టి చట్టము చేసెను. ఫ్రాన్సు దేశములో 2017 నుండి మోడళ్లు వైద్యుని పత్రము చూపవలెను. ప్రకటనలలో ఒళ్లు సన్నగానో లావుగానో కనబడునట్లు దిద్దిన ఫొటో అయినయెడల, దిద్దబడినదని దాని మీద వ్రాయవలెను. ఆలోచించుడి: ఫ్యాషనుకు పుట్టినిల్లని పేరుగాంచిన దేశమే తన ఫొటోలను నమ్మవద్దని చట్టము చేసినది. మన బిడ్డలైతే ఫోనులో చూచిన ప్రతి ఫొటోను నిజమని నమ్ముచున్నారు.

మన తెలుగు తెరమీద కూడ ఇట్టి దుఃఖము లేకపోలేదు. 2001లో "నువ్వు నాకు నచ్చావ్" సినిమాతో పేరుపొందిన ఆర్తీ అగర్వాల్ 2015 జూనులో అమెరికాలోని న్యూజెర్సీలో ముప్పది యొక్క యేండ్ల వయస్సులో మరణించిరి. దానికి కొన్ని వారముల ముందు ఆమె కొవ్వు తీయు శస్త్రచికిత్స చేయించుకొనిరని పత్రికలు వ్రాసెను. ఆ సంవత్సరము నవంబరులోనే అనుష్క నటించిన "సైజ్ జీరో" అను సినిమా వచ్చెను. లావును త్వరగా తీసివేసెదమని ఆశచూపు వ్యాపారమును అది ఎదిరించెను. ఆ పాత్రకొరకు అనుష్క తన ఒళ్లు పెంచుకొనవలసివచ్చెను.

4. ఆరోగ్యపు కొలత వేరు

ఇట్లు వ్రాయుట చూచి, ఎంత తినినను ఎట్లు ఉండినను పరవాలేదని మేము చెప్పుచున్నామని తలంపవద్దు. శరీరము దేవుని ఆలయమని పౌలు కొరింథీయులకు వ్రాసెను. ఆలయమును పస్తుపెట్టి కూల్చుటయు తప్పే, పాడుచేయుటయు తప్పే.

వైద్యులు ఒక లెక్కను వాడుదురు. బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని, ఆ ఎత్తును ఎత్తుతోనే గుణించి, వచ్చినదానితో బరువును భాగించవలెను. ఫలితము 18.5కు తక్కువైనయెడల బరువు చాలదు. మన దేశస్థులకు 23 మొదలుకొని జాగ్రత్తపడవలెనని వైద్యులు చెప్పుదురు, ఏలయనగా మనకు తక్కువ లావునకే చక్కెర వ్యాధియు గుండె జబ్బును వచ్చుచున్నవి. ఈ లెక్కకు మూలము 1830ల ప్రాంతములో బెల్జియము దేశపు గణితజ్ఞుడైన కెట్లే వేసెను. అతడు జనసమూహముల సగటును తెలిసికొనుటకు వేసిన లెక్క అది. ఒక్కొక్కరి విలువను తేల్చుటకు వేసినది కాదు.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన ఆంధ్రప్రదేశ్‌లో పదునైదు మొదలు నలువది తొమ్మిదేండ్ల వయస్సుగల స్త్రీలలో మూడింట ఒక వంతుకు మించి అధిక బరువు గలవారు. సగమునకు మించి రక్తహీనత గలవారు. ఈ రెండును ఒకే ఇంట, ఒక్కొక్కప్పుడు ఒకే ఒంట నుండవచ్చును. లావుగా కనబడు అమ్మాయికి రక్తము చాలినంత ఉన్నదని చెప్పలేము. ఆమెను అన్నము మానుమనుట ఆ రక్తమును ఇంకను తీసివేయుటయే. ఆమెకు కావలసినది పస్తు కాదు. పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, చేప ఆమె కంచములోనికి రావలెను. వేళకు నిద్ర, ఒంటికి పని ఉండవలెను. ఆశా కార్యకర్త ఇచ్చు ఇనుపధాతువు మాత్రలు మానకూడదు.

రేపల్లె దగ్గరి ఒక పల్లెలో మేము ఎరిగిన ఒక బిడ్డ సంగతి చెప్పెదము. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 47 కిలోలు. పై లెక్క వేసి చూడుడి. 20కి కొంచెము పైన వచ్చును. అనగా ఏ దోషమును లేదు. పెండ్లిచూపులకు వచ్చిన ఒక పెద్దమ్మ కాఫీ గ్లాసు క్రింద పెట్టుచు, "పిల్ల కాస్త బొద్దు" అనెను. అంతే. ఆ బిడ్డ రాత్రి అన్నము మానెను, తరువాత ఉదయపుది మానెను. నాలుగు నెలలలో 40 కిలోలకు దిగెను. నెలసరి ఆగెను, జుట్టు రాలెను. ఒకనాడు ఆరాధనలో నిలువబడి పాడుచుండగానే పడిపోయెను. వైద్యమువలనను, తల్లి ఓర్పువలనను ఇప్పుడు కోలుకొనుచున్నది. అయినను ముద్ద నోట పెట్టుకొనునప్పుడు ఇంకను ఎవరైన చూచుచున్నారేమో అని చుట్టు చూచును. ఆ పెద్దమ్మకు తాననిన మాట జ్ఞాపకమైనను ఉండకపోవచ్చును.

5. మన నాలుక

కాబట్టి దోషమంతయు పట్టణపు అంగళ్లమీద వేసి మనము చేతులు కడుగుకొనరాదు. ఫ్యాషను వ్యాపారమునకు మన నాలుకయే కూలిలేని ఏజెంటు. "పీపా", "గుమ్మడికాయ", "చీపురుపుల్ల", "తారుడబ్బా" అని బిడ్డలకు మారుపేర్లు పెట్టునది ఎవరు? మేనమామలు, పిన్నమ్మలు, స్నేహితులు. ముద్దుకు అనుచున్నామందురు. ఆ ముద్దుమాటను ఆ బిడ్డ దుప్పటి క్రింద ఎన్ని రాత్రులు తలపోసికొనుచున్నదో ఎవరికి తెలియును? మగబిడ్డలకును ఈ బాధ తప్పలేదు. బక్కగా ఉన్నాడని గేలిచేయబడిన పిల్లవాడు ఊరు పేరు లేని పొడులు కొని త్రాగుచున్నాడు.

పెండ్లి సంబంధముల యొద్ద మన సంఘస్థులు మాటలాడు తీరు మరింత విచారకరము. ప్రార్థనతో మొదలుపెట్టి, పిల్ల రంగును బరువును అడిగి, మరల ప్రార్థనతో ముగించుచున్నారు. బాప్తిస్మము పొందిన బిడ్డను సంతలో గేదెను చూచినట్లు చూచుట ఏపాటి భక్తి?

6. దేవుని కొలత

సమూయేలు ప్రవక్త బేత్లెహేములో ఏలీయాబు ఎత్తును రూపమును చూచి ఇతడే రాజని తలంచెను. దేవుడు అతనిని ఆపి, మనుష్యులు పైరూపమును లక్ష్యపెట్టుదురు గాని తాను హృదయమును లక్ష్యపెట్టుదునని నేర్పెను. ప్రవక్త కన్ను సహితము అంగడి కొలతకు లోబడెనని గమనించుడి. అయితే పిలువబడి వచ్చిన దావీదు కురూపి కాడు. అతని కన్నులు చక్కనివని గ్రంథమే చెప్పుచున్నది. గనుక దేవుడు అందమును అసహ్యించుకొనడు. దానిని బట్టి మనుష్యుని ఎన్నుకొనడు, దాని లేమిని బట్టి త్రోసివేయడు.

పరమగీతములో మాటలాడు స్త్రీని చూడుడి. ఇంటివారు ఆమెను ద్రాక్షతోటకు కాపు పెట్టిరి. ఎండ తగిలి ఆమె నల్లనాయెను. ఆమె తన నలుపును దాచుకొనలేదు. నల్లనిదాననైనను నేను అందముగలదాననని యెరూషలేము కుమార్తెల యెదుట తల యెత్తి చెప్పుకొనెను. కొల్లూరు లంకలలో పసుపు త్రవ్వు స్త్రీయు, నిజాంపట్నములో చేపలు ఎండబెట్టు స్త్రీయు ఈ మాటను తమదిగా చెప్పుకొనవచ్చును. అన్నిటికి మించి, మన ప్రభువును గూర్చి యెషయా ముందుగా వ్రాయుచు, చూపరులను ఆకర్షించు సొగసు ఆయనకు లేదనెను. లోకము ఏ తూకములో మన బిడ్డలను తక్కువ చూపుచున్నదో, ఆ తూకములో మన రక్షకుడును తక్కువ తూగినవాడే.

7. ఇక చేయవలసినది

మొదటిది: ఈ నెలనుండి మన ఇండ్లలోను సంఘములోను ఎవరి ఒంటిని గూర్చియు ఎగతాళి మాట పలుకకుందము. చాలదినములకు కనబడినవారిని "లావైతివి, చిక్కితివి" అని పలుకరించు అలవాటును విడిచి, "బాగున్నావా అమ్మా" అని అడుగుదము.

రెండవది: సంబంధము మాటలాడునప్పుడు బరువు, రంగు అను మాటలు మన నోట రాకుండ చూచుకొందము. ఎదుటివారు ఎత్తినయెడల, బిడ్డ వినునట్లే మర్యాదగా అడ్డుచెప్పుదము.

మూడవది: భోజనము మానుట, తినిన పిమ్మట కక్కుకొనుట, నెలసరి ఆగుట, తల తిరుగుట, నలుగురిలో తినుటకు జంకుట, వీటిలో ఏది కనబడినను బిడ్డను తిట్టవద్దు. ఆలస్యము చేయక ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపొండు. మనస్సు కలతకు 14416 అను టెలీ మానస్ ఫోను నంబరునకు రూకలు లేకుండ తెలుగులోనే మాటలాడవచ్చును. ప్రార్థన చేయుడి, వైద్యుని యొద్దకును వెళ్లుడి. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

నాలుగవది: ఇంటిల్లిపాదియు రాత్రి ఒక్క పూటయైన కలిసి కూర్చుండి తినుడి. ఆడుబిడ్డలకు మిగిలినది పెట్టు ఆచారమును మానుడి.

కూడికలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

(1) మన ఇంట ఎవరికైన ఒంటిని బట్టి మారుపేరు ఉన్నదా? ఆ పేరు వారికి ఇష్టమో కాదో ఎప్పుడైన అడిగితిమా?

(2) దానియేలు పుష్టికిని, నేడు ప్రకటనలలో చూపబడు అందమునకును భేదమేమి?

(3) సమూయేలు చూపునకును దేవుని చూపునకును గల భేదము పెండ్లి సంబంధముల విషయములో మనకేమి నేర్పుచున్నది?

యౌవనస్థులారా, చివరిగా మీతో ఒక మాట. మిమ్మును అమ్మ ఎత్తుకొనినప్పుడు బరువని దింపివేయలేదు. ఊరు గట్టుమీద నిలువబడి చూచినప్పుడు వరిపైరులో ఒక కంకి పొడుగు, ఒకటి పొట్టి; కోతనాడు రైతు చూచునది గింజను. మీ కంచములోని అన్నమును భయము లేకుండ, వందనములతో భుజించుడి. ఆ బలముతో చదువుడి, పాటుపడుడి, పొరుగువారికి మేలుచేయుడి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక.